జీవీఎంసీ బడ్జెట్‌లో మీ వీధి లెక్క వెతికి పట్టుకోవడం ఎలా?

ఏటా బడ్జెట్ రోజుల్లో విశాఖలో చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు. "ఇన్ని వేల కోట్ల బడ్జెట్ అంటున్నారు, మా వీధికి ఏమైనా వచ్చిందా?" అనేది ఒకటి. "ఈసారి ఇంటి పన్ను పెరుగుతుందా?" అనేది రెండోది. పేపర్లో వచ్చే మొత్తం అంకె చూస్తే ఈ రెండింటిలో దేనికీ జవాబు దొరకదు. గ్రేటర్ విశాఖ నగర పాలక సంస్థ (జీవీఎంసీ) బడ్జెట్ ఇటీవలి ఏళ్లలో నాలుగు వేల కోట్లు దాటుతోంది. ఆ అంకె పెద్దదైనంత మాత్రాన మీ సందులో కాలువ పడదు, చిన్నదైనంత మాత్రాన మీ పన్ను తగ్గదు. జవాబు బడ్జెట్ పుస్తకం లోపల, పద్దుల్లో ఉంటుంది. అకౌంట్స్ చదువుకోని వాళ్లు కూడా ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే దాన్ని వెతికి పట్టుకోవచ్చు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఈ ఏడాది బడ్జెట్ పుస్తకం, వీలైతే గత రెండేళ్లవి కూడా. పాతవి ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.
- మీ ఇంటి పన్ను రసీదులు, కనీసం మూడేళ్లవి. కుళాయి ఉంటే నీటి బిల్లు.
- మీ వార్డు నంబరు, మీ వార్డు సచివాలయం ఎక్కడో. 2021 ఎన్నికలప్పుడు నగరాన్ని 98 వార్డులు చేశారు. పాత నంబరే చెప్పుకుంటున్న వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కాబట్టి ఇంటి పన్ను కాగితం మీద ఉన్నది సచివాలయంలో ఒకసారి సరిచూసుకోండి.
- ఒక నోటు పుస్తకం, ఫోన్లో కాలిక్యులేటర్.

పుస్తకం కోసం ముందు జీవీఎంసీ వెబ్‌సైట్లో చూడండి. అక్కడ లేకపోతే మీ కార్పొరేటర్‌ని అడగండి. కౌన్సిల్ సమావేశానికి ముందు సభ్యులందరికీ అజెండాతో పాటు బడ్జెట్ ప్రతి అందుతుంది, ఫొటోలు తీసుకోవడానికి అభ్యంతరం ఉండకూడదు. అదీ కుదరకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. 2005లో వచ్చిన ఆ చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన బడ్జెట్ వివరాలను ఎవరూ అడగకముందే బయటపెట్టాలి. కాబట్టి మొహమాటపడకండి.

1. ఆ పని అసలు జీవీఎంసీదేనా?

సగం గొడవ ఇక్కడే తేలిపోతుంది. జాతీయ రహదారి మీద గుంత పడితే అది హైవే అథారిటీ పని. కైలాసగిరి, బీచ్ రోడ్డు పార్కు నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏవి, దాని బడ్జెట్ వేరు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌వి, ఆ స్తంభం మీద వెలిగే వీధి దీపం మాత్రం జీవీఎంసీది. ఉక్కునగరం లోపలి రోడ్లు, పోర్టు స్థలాలు, నేవీ ప్రాంతాలు ఎవరివి వాళ్లవి. విశాఖ 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో చేరింది. ఆ పథకం కోసం ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టారు, కాబట్టి ఆ పనుల పూర్తి లెక్క కార్పొరేషన్ పద్దుల్లో దొరక్కపోవచ్చు.

వీధి రోడ్లు, పక్క కాలువలు, గెడ్డలు, చెత్త, మంచినీరు, వీధి దీపాలు, కొండవాలు కాలనీల మెట్లు, మట్టి జారకుండా కట్టే గోడలు (రిటైనింగ్ వాల్స్), కార్పొరేషన్ స్కూళ్లు, శ్మశానాలు జీవీఎంసీ లెక్కలో వెతకాల్సినవి. అనుమానం ఉంటే సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని అడగండి, ఐదు నిమిషాల పని.

2. మీ చేతిలో ఉన్నది ఏ దశలోని బడ్జెట్?

అధికారులు అంచనాలు తయారు చేస్తారు. అవి స్థాయీ సంఘం (కార్పొరేటర్ల స్టాండింగ్ కమిటీ) ముందుకు, ఆ తర్వాత కౌన్సిల్ ముందుకు వెళ్తాయి. కౌన్సిల్ ఆమోదించాకే అది బడ్జెట్. పేపర్లో మొదట వచ్చే వార్త ఎక్కువసార్లు ముసాయిదా గురించే. మధ్యలో కేటాయింపులు మారతాయి, కొత్త పద్దులు చేరతాయి. ముసాయిదా అంకె పట్టుకుని "మా వార్డుకు కోటి ఇచ్చారు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పుస్తకం అట్ట మీదా, మొదటి పేజీలోనూ ఏం రాసి ఉందో చూడండి, ఆమోదించిన తీర్మానం నంబరు ఉందో లేదో చూసుకోండి.

కౌన్సిల్ లేని కాలం కూడా విశాఖ చాలానే చూసింది. 2012లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 దాకా ఎన్నికలే జరగలేదు. అలాంటప్పుడు కౌన్సిల్ అధికారాలన్నీ ప్రభుత్వం నియమించే ప్రత్యేకాధికారివే, బడ్జెట్ ఆమోదం కూడా. చర్చ జరగదు కాబట్టి పుస్తకం చదవాల్సిన అవసరం అప్పుడే ఇంకా ఎక్కువ.

3. నాలుగు కాలమ్‌లు చదవండి (ఇదే అసలు పని)

ప్రతి పద్దుకూ ఎదురుగా మామూలుగా నాలుగు అంకెలుంటాయి. గడిచిన ఏడాది వాస్తవ లెక్క, నడుస్తున్న ఏడాది అంచనా, ఆ అంచనాకే సవరణ, వచ్చే ఏడాది అంచనా. వార్తల్లో వచ్చేది నాలుగోది. మీరు మొదట చూడాల్సింది వాస్తవ లెక్కలు, ఆ తర్వాత సవరించిన అంచనా.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు నేను వేసినవే. వర్షపు నీటి కాలువల పద్దు కింద నిరుడు వాస్తవ ఖర్చు 18 కోట్లు, ఈ ఏడాది అంచనా 50 కోట్లు, సవరించాక 30 కోట్లు, వచ్చే ఏడాదికి 60 కోట్లు అని ఉందనుకోండి. హెడ్డింగ్ "కాలువలకు 60 కోట్లు" అని వస్తుంది. చేతిలో పుస్తకం ఉన్నవాళ్లకు మాత్రం ఏడాది మధ్యలోనే 50 కాస్తా 30 అయిందని కనిపిస్తుంది. బడ్జెట్‌లో అంకె పడిందంటే అంతవరకు ఖర్చు పెట్టుకోవడానికి అనుమతి దొరికినట్టు. డబ్బు వచ్చినట్టూ కాదు, ఖర్చయినట్టూ కాదు. నా ఉద్దేశంలో విశాఖవాసులు బడ్జెట్ గురించి ఒక్కటే నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోవాలి.

లెక్క ఇలా కట్టండి. ఒక ఏడాది వాస్తవ ఖర్చును అదే ఏడాదికి మొదట వేసిన అంచనాతో భాగించి వందతో గుణించండి. ఆ మొదటి అంచనా పాత పుస్తకంలో ఉంటుంది. పాతవి దాచుకోమన్నది అందుకే. మీకు కావలసిన ఐదారు పద్దులకు రెండేళ్ల శాతాలు కడితే చాలు, ఎక్కడ మాట నిలబడుతోందో, ఎక్కడ జారుతోందో కనబడుతుంది.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

ఒకటి, సవరించిన అంచనాను వాస్తవ లెక్క అనుకోవడం. అది కొన్ని నెలల అసలు లెక్కకు మిగతా నెలల ఊహ కలిపి వేసిన అంకె. మార్చి ముగిశాక అదీ మారుతుంది.

రెండు, లక్షలు, వేలు కలిసిపోవడం. పేజీ పైన మూలలో "రూపాయలు లక్షల్లో" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూడకుండా చదివితే లెక్క వంద రెట్లు తప్పుతుంది.

మూడు, మొత్తం అంకెలో ఏముందో చూడకపోవడం. అందులో ప్రారంభ నిల్వ (గత ఏడాది మిగిలిన డబ్బు), కాంట్రాక్టర్ల డిపాజిట్లు, వేరే సంస్థల కోసం వసూలు చేసి వాళ్లకు కట్టాల్సిన డబ్బు కూడా కలిసే ఉంటాయి. నిల్వ ఉన్నంత మాత్రాన మీ వీధికి వాడలేరు. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లాంటివి చాలావరకు ఫలానా పనికే అని కట్టేసి వస్తాయి.

4. జమల వైపు: మీ జేబు లెక్క

జమల్లో ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, పరిశ్రమలకు అమ్మే నీటి ఆదాయం, ఇళ్ల ప్లాన్ అనుమతుల లాంటి టౌన్ ప్లానింగ్ ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద సర్‌చార్జీ వాటా, ప్రభుత్వ గ్రాంట్లు కనిపిస్తాయి. టౌన్ ప్లానింగ్ ఆదాయం రియల్ ఎస్టేట్‌తో పాటు లేస్తుంది, పడుతుంది. ఆ పద్దుకు భారీ అంచనా వేసి ఉంటే దాని మీద ఆధారపడ్డ పనుల గురించి కాస్త సందేహించండి.

ఇంటి పన్ను దగ్గర నిదానంగా చూడండి. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపి కట్టే విలువ) మీద వేస్తున్నారు. చట్టం ప్రకారం ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య వేయవచ్చు. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఈ 15 శాతం చిన్నదే అనిపిస్తుంది, లెక్క వేస్తే కాదు. 4,000 రూపాయల పన్ను పూర్తి 15 శాతం చొప్పున పెరిగితే 4,600, ఆపైన 5,290, తర్వాత 6,084, 6,996, ఐదో పెంపుకు 8,045. అంటే ఐదు పెంపుల్లో రెట్టింపు. కొత్త విధానం లెక్క ప్రకారం మీ ఇంటికి రావాల్సిన పన్నును చేరేదాకా ఈ పెంపు నడుస్తుంది.

అందుకే "ఈ బడ్జెట్‌లో కొత్త పన్నులు లేవు" అన్న వార్త చూసి నిశ్చింతగా ఉండకండి. కొత్త పన్ను లేకపోయినా ఉన్న పన్ను పెరగవచ్చు. మూలధన విలువకు భూమి రిజిస్ట్రేషన్ విలువతో సంబంధం ఉంది, ఆ విలువలు సవరిస్తే ప్రభావం ఇక్కడా కనబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఒకటుంది. ఆస్తి పన్ను పద్దులో నిరుటి వాస్తవ వసూలు ఎంత, వచ్చే ఏటి అంచనా ఎంత? తేడా ఎక్కువగా ఉంటే ఆ డబ్బు మూడు దారుల్లోనే రావాలి: కొత్త ఇళ్లు, పాత బకాయిలు, లేదా మీ పన్ను పెంపు. బకాయిల వసూలుకు వేరే అంకె ఉందేమో చూసి, మిగిలింది ఎక్కడి నుంచి వస్తుందని రెవెన్యూ విభాగాన్ని అడగండి.

మీ రసీదులు తీసి ఏడాదికి ఎంత శాతం పెరిగిందో కట్టండి. 15 శాతం దాటితే కారణం ఉండాలి: కొత్తగా అంతస్తు వేశారా, కింద షాపు పెట్టి వాడకం మార్చారా? అలాంటిదేమీ లేకపోతే రసీదుల నకళ్లు జతచేసి జోనల్ ఆఫీసులో రివిజన్ అర్జీ ఇవ్వండి. కొలతలు తప్పు పడ్డ కేసులు తక్కువేమీ కాదు, కాబట్టి నోటీసులో విస్తీర్ణం, అంతస్తులు, వాడకం మూడూ సరిచూడండి. అర్జీ ఇచ్చాం కదా అని కట్టడం పూర్తిగా ఆపకండి, ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంటుంది.

బిల్లులో గ్రంథాలయ పన్ను అని మరో వరుస కనిపిస్తుంది, రూపాయికి 8 పైసలు. అది జీవీఎంసీ ఆదాయం కాదు, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. ఎంత వసూలైంది, ఎంత ఇచ్చారు అని పుస్తకంలో రెండు వైపులా చూడండి. మన పిల్లలు చదువుకునే లైబ్రరీల డబ్బు అది, అడగడానికి వెనకాడొద్దు.

2021లో ఇంటింటికీ చెత్త పన్ను పేరుతో వేసిన యూజర్ చార్జీని రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చార్జీ పోయినా చెత్త బండి రావాలి, డీజిల్ పోయాలి. ఆ ఖర్చు ఇప్పుడు ఏ పద్దు నుంచి వెళ్తోందో పారిశుద్ధ్యం పేజీలో చూసుకోండి.

5. ఖర్చుల వైపు

రెవెన్యూ ఖర్చు అంటే నగరం రోజూ నడవడానికయ్యేది: జీతాలు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, కరెంటు, మరమ్మతులు. క్యాపిటల్ ఖర్చు అంటే కొత్తగా కట్టేవి. విశాఖలో కరెంటు పద్దును ప్రత్యేకంగా చూడమంటాను. మన నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ లాంటి చోట్ల నుంచి రావాలి, ఆపైన కొండవాలు ఇళ్ల దాకా ఎక్కించాలి. పంపింగ్‌కే బోలెడు కరెంటు. ఆ బిల్లు పెరిగినప్పుడు నీటి చార్జీ పెంచుతారు, లేదా వేరే పద్దు కోస్తారు. సవరించిన అంచనాలో కరెంటు పెరిగి మరమ్మతులు తగ్గి ఉంటే ఏం జరిగిందో మీకే తెలుస్తుంది.

6. మీ వార్డు పని వెతకండి

పుస్తకంలో వీధి పేర్లు సాధారణంగా ఉండవు. "రోడ్లు", "కాలువలు" అని పద్దులు మాత్రమే ఉంటాయి. వీధి పేరు పనుల జాబితాలో ఉంటుంది. అది మీ జోన్ ఇంజినీరింగ్ విభాగంలో, వార్డు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దగ్గర దొరుకుతుంది. అడిగేటప్పుడు "మా రోడ్డు శాంక్షన్ అయిందా?" అని అడగకండి. అవునన్న మాటకు అక్కడ చాలా అర్థాలున్నాయి. ఈ వరుసలో ఎక్కడుందో అడగండి: అంచనా వేశారా, పరిపాలనా అనుమతి వచ్చిందా, సాంకేతిక అనుమతి వచ్చిందా, టెండర్ పిలిచారా, ఒప్పందం అయిందా, పని మొదలైందా, బిల్లు చెల్లించారా? ఒక్కోదానికి తేదీ రాసుకోండి. ఒప్పందం దాకా రాని పని కాగితం మీదే ఉన్నట్టు.

పాత పనుల బకాయిల గురించి కూడా తప్పకుండా అడగండి. నిరుడు పూర్తయినా డబ్బు చెల్లించని పనులకు ఈ ఏడాది పద్దులోంచే తీస్తారు. రోడ్ల పద్దు పెద్దదిగా కనబడినా అందులో కొత్త పనులకు మిగిలేది కొంచెమే కావచ్చు. బిల్లులు ఆలస్యమవుతున్న చోట టెండర్ పిలిచినా కాంట్రాక్టర్లు ముందుకు రారు. "టెండర్‌కు ఎవరూ రాలేదు" అన్న జవాబు వస్తే ఎన్నిసార్లు పిలిచారో అడగండి.

7. పని జరిగిందో లేదో తనిఖీ

పని మొదలైన చోట బోర్డు ఉందేమో చూడండి. అంచనా విలువ, పొడవు, గడువు ఫోన్లో ఫొటో తీసుకోండి. పూర్తయ్యాక పొడవు, వెడల్పు టేపుతో కొలవండి, ఇద్దరు ఇరుగుపొరుగును తోడు తీసుకెళ్లండి. మీరు కొలిచింది, కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్‌లో రాసింది ఒకటేనా అన్నది అసలు పరీక్ష. ఆ పేజీల నకలు సమాచార హక్కు కింద వస్తుంది. దరఖాస్తు ఇలా రాయండి:

"ఫలానా వార్డు, ఫలానా వీధిలో ఫలానా ఆర్థిక సంవత్సరంలో చేసిన కాలువ పనికి సంబంధించి (1) మంజూరు చేసిన అంచనా నకలు, (2) ఒప్పందం నకలు, (3) ఎం-బుక్ సంబంధిత పేజీల నకళ్లు, (4) ఇప్పటివరకు చెల్లించిన బిల్లుల మొత్తం, తేదీలు ఇవ్వగలరు."

"ఎందుకు చేయలేదు?" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితాలు అడగండి, కారణాలు కాదు. ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి రాయండి. దరఖాస్తు ఇచ్చిన రోజే నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీకి లెక్క లేదు.

వీధిలో వేసిన రోడ్డు మొదటి వానకే లేచిపోతే కొత్తగా నిధులు అడగకండి. ఒప్పందంలో కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాల్సిన కాలం రాసి ఉంటుంది. ఆ గడువు లోపలే ఫొటోలతో ఫిర్యాదు ఇస్తే డబ్బు మళ్లీ మన పన్నుల్లోంచి పోదు. చాలామంది గడువు దాటాక గుర్తుచేసుకుంటారు.

8. వచ్చే బడ్జెట్లో పెట్టించాలంటే

మార్చిలో బడ్జెట్ వచ్చాక అడిగితే ఆలస్యమైనట్టే. అంచనాలు తయారయ్యే ముందు, అక్టోబరు-నవంబరుల్లోనే అర్జీ ఏఈకి, కార్పొరేటర్‌కి, జోనల్ కమిషనర్‌కి చేరాలి. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది, దాన్ని పట్టుకుని తర్వాత అడగవచ్చు.

"మా వీధి సమస్యలు తీర్చండి" అని రాసిన అర్జీ ఏ పద్దులోకీ వెళ్లదు. ఒక అర్జీలో ఒకే పని రాయండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, సుమారు ఎన్ని మీటర్లు, ఎన్ని ఇళ్లకు ఉపయోగం, గత వానాకాలంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఫొటో ఏది. కొండవాలు కాలనీల వాళ్లు మెట్ల పనీ, రిటైనింగ్ వాల్ పనీ ఒకే కాగితంలో కలపకండి. గోడ ప్రాణాపాయం కిందికి వస్తుంది, దాన్ని విడిగా, ముందు రాయండి.

ఒక్క ఇంటి సంతకం కంటే వీధి మొత్తం సంతకాలు మేలు. అపార్ట్‌మెంట్ సంఘం ఉంటే లెటర్‌హెడ్ మీద ఇవ్వండి. అద్దెకుండేవాళ్లు తమకు హక్కు లేదనుకుని దూరంగా ఉంటారు, వాళ్ల సంతకాలూ తీసుకోండి. జనవరిలో ఒకసారి వెళ్లి ఆ పని అంచనాల జాబితాలోకి ఎక్కిందో లేదో కనుక్కోండి. ఎక్కకపోతే స్థాయీ సంఘం ముందుకు ముసాయిదా వెళ్లేలోపు మీ కార్పొరేటర్ చేత రాయించడానికి ఇంకా సమయం ఉంటుంది.